హనసాకు ఇరోహా నాలుగు ఎపిసోడ్లు చూశాక ఆపేయాలా, కొనసాగించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. స్నేహితురాలు చెప్పిందని హనసాకు ఇరోహా అనే జపాన్ అనిమే (యానిమేషన్) సిరీస్ మొదలుపెట్టారు. నాలుగు ఎపిసోడ్లు గడిచినా కథ కదిలినట్టు అనిపించలేదు. అమ్మమ్మ మనవరాలి చెంప పగలగొట్టి వెట్టిచాకిరీ చేయిస్తోంది, మింకో అనే పిల్ల ఎప్పుడూ చిరాకు పడుతూ ఉంటుంది. చూసినవాళ్ళేమో "పని విలువ చెప్పింది, సంప్రదాయం గొప్పతనం చూపించింది" అని పొగుడుతున్నారు. ఇందులో మెచ్చుకోవడానికి ఏముంది, అసలు సంప్రదాయం ఎక్కడి నుంచి పుడుతుంది, మిగతా ఇరవై రెండు ఎపిసోడ్లు చూడటం దండగ కాదా అని అడిగారు.

దండగ కాదు, చూడండి. కాకపోతే కథానాయిక ఓహానా ఎప్పుడు గెలుస్తుంది, ఎవరిని ప్రేమిస్తుంది అని ఎదురుచూడటం మానేయండి. ఈ సిరీస్‌లో కథ పనిలో ఉంటుంది. ఎవరు ఏ పని ఎలా చేస్తున్నారు, నిన్నటికీ ఇవాళ్టికీ అందులో ఏం తేడా వచ్చింది అన్నది గమనిస్తే నాలుగో ఎపిసోడ్‌కే బోలెడు జరిగిపోయిందని తెలుస్తుంది. అడక్కుండా నెత్తిన పడ్డ పనిని ఒక పదహారేళ్ళ పిల్ల మెల్లగా తన సొంతం చేసుకోవడమే ఇందులో అసలు విషయం. సంప్రదాయం గొప్పది కాబట్టి కాపాడుకోవాలి అని ఈ సిరీస్ ఎక్కడా అనదు. చివరికొచ్చేసరికి దాదాపు దానికి ఎదురే చెబుతుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నా సంగతి ఒక ముక్క. విశాఖలో హోటల్ హౌస్‌కీపింగ్‌లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాను. అనిమే పిచ్చి కాలేజీ రోజుల నుంచీ ఉంది. అందుకే దీన్ని మామూలు ప్రేక్షకుడిగానూ చూశాను, పక్కబట్టలు మార్చి నడుం పడిపోయినవాడిగానూ చూశాను. ఈ రెండో చూపుతో చూస్తే కనిపించేవే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు కొద్దిగా వివరాలు. ఇది 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా జపాన్ టీవీలో వచ్చిన 26 ఎపిసోడ్ల సిరీస్. తీసింది పి.ఎ. వర్క్స్ స్టూడియో. దర్శకుడు మసాహిరో అందో, రచన మారి ఒకాదా. ఈ స్టూడియో టోక్యోలో కాకుండా తొయామా జిల్లాలోని నాంతో అనే చిన్న ఊళ్ళో ఉంది. అనిమే స్టూడియోలన్నీ టోక్యో చుట్టుపక్కలే పోగయ్యే పరిశ్రమలో ఇది విడ్డూరమే. పల్లె వదిలి పట్నం పోవడం, పట్నం నుంచి పల్లెకు రావడం అన్నవి వీళ్ళ కథల్లో అంత నిజంగా ఎందుకుంటాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పక్కనే ఉన్న ఇషికావా జిల్లాలో, కనజావా నగర శివార్ల కొండల్లోని యువాకు అనే వేడినీటి ఊటల ఊరిని చూసి సిరీస్‌లోని యునొసాగి ఊరిని గీశారు.

ఇక కథ: టోక్యోలో ఉండే ఓహానా తల్లి సత్సుకి, ప్రియుడి అప్పుల గొడవలో అతనితో కలిసి రాత్రికి రాత్రి పారిపోతుంది. పిల్లను ఎన్నడూ చూడని అమ్మమ్మ సూయి దగ్గరికి పంపించేస్తుంది. ఆ అమ్మమ్మ కిస్సుయిసో అనే రియోకాన్ యజమానురాలు. మనవరాలు వచ్చిందన్న మురిపెం ఏమీ ఉండదు. పని చేస్తేనే తిండి అంటుంది, గుడ్డ చేతికిచ్చి నేల తుడవమంటుంది.

రియోకాన్ అంటే ఏమిటో తెలియకపోతే సగం సిరీస్ అర్థం కాదు. మన లాడ్జిలాంటిది కాదది. వాకిట్లోనే చెప్పులు విప్పించి, మీ సామాను అందుకుని, నకాయ్ అనే పరిచారిక మిమ్మల్ని గదికి తీసుకెళ్తుంది. టీ, ఒక మిఠాయి ముక్క పెడుతుంది. మీరు యుకాతా అనే పలచటి నూలు వస్త్రం కట్టుకుని వేడినీటి స్నానానికి వెళ్తారు. రాత్రి భోజనం చిన్న చిన్న గిన్నెల్లో వరసగా, చాలాచోట్ల గదిలోకే వస్తుంది. ఆ తర్వాత బల్ల పక్కకు జరిపి, గడ్డి చాపల మీద పరుపు వేస్తారు. తెల్లారగానే పరుపు ఎత్తేసి పొద్దుటి భోజనం. డబ్బు కూడా మామూలుగా మనిషికి ఇంత అని, ఒక రాత్రి బస, రెండు పూటల తిండి కలిపే తీసుకుంటారు. మన పాతకాలం పూటకూళ్ళమ్మ పెద్ద ఇల్లు కట్టుకుని, కట్టూబొట్టూ మర్యాదా ఒక శాస్త్రంలా దిద్దుకుంటే ఎలా ఉంటుందో, రియోకాన్ యజమానురాలు, అంటే ఒకామి, అలా ఉంటుంది.

ఇందులో మా వృత్తివాళ్ళకు వెంటనే కంటబడేది ఒకటుంది. మా హోటళ్ళలో రిసెప్షన్ వేరు, సామాను మోసేవాళ్ళు వేరు, భోజనం తెచ్చేవాళ్ళు వేరు, పక్క వేసేవాళ్ళు వేరు. నేను పక్క వేసిన గదుల్లో పడుకున్నవాళ్ళలో నూటికి తొంభైమంది నా మొహం చూసి ఉండరు. నేను తప్పు చేసినా అది హోటల్ తప్పే, బాగా చేసినా ఆ పేరు హోటల్‌కే. రియోకాన్‌లో ఆ పనులన్నీ దాదాపు ఒకే మనిషి చేతి మీదుగా జరుగుతాయి. ఓహానా ఒక్క చోట తడబడితే అతిథికి ఆ బస మొత్తం పాడైపోతుంది. ఆమె ఒక్క మంచిమాట మాట్లాడితే ఆ బస మొత్తం గుర్తుండిపోతుంది. చిన్న పొరపాటుకు అందరూ అంత గాభరా పడతారేమిటని మీకు అనిపించిన ఘట్టాలను ఇది తెలుసుకుని మళ్ళీ చూడండి.

ఇంకో చిన్న విషయం. నకాయ్ గది తలుపు ఎలా తీస్తుందో గమనించండి. నిలబడి తియ్యదు. మోకాళ్ళ మీద కూర్చుని, పట్టు దగ్గరున్న చేత్తో కొద్దిగా జరుపుతుంది. ఆగుతుంది. తర్వాత చెయ్యి కిందికి దించి మిగతాది జరుపుతుంది. తల వంచి, లోపలికి వచ్చి, మళ్ళీ కూర్చుని మూస్తుంది. ఆ మధ్యలో ఆగడంలోనే ఉంది కిటుకంతా. లోపలున్నవాళ్ళు బట్ట సర్దుకోవడానికో, మాట మార్చుకోవడానికో ఆ క్షణం చాలు. మేమూ తలుపు తట్టి, "హౌస్‌కీపింగ్" అని చెప్పి, ఆగి, మళ్ళీ తట్టాలని నేర్పిస్తాం. కొత్తవాళ్ళకు ఆ ఆగడం అంటే చిరాకు, గబగబా తోసుకుని వెళ్ళిపోతారు. ఈ సిరీస్‌లోని తలుపు తీసే ముక్కలు రెండు మూడు చూపించినప్పుడు మాత్రం నేను వివరించాల్సిన పని పడలేదు. ఒకమ్మాయి "ఆవిడ మనల్ని లోపలికి రానివ్వమని అడుగుతున్నట్టుంది సార్" అంది. అంతే, అదే పాఠం.

ఇప్పుడు మీ అసలు అభ్యంతరం, ఆ చెంపదెబ్బ. దాన్ని నేను సమర్థించను. అతిథుల ఇంట్లో పనిచేసే పిల్లను ఎవరూ కొట్టకూడదు, అది జపాన్ అయినా జంగారెడ్డిగూడెం అయినా. పదహారేళ్ళ పిల్ల పనిచేయడం మాత్రం అక్కడ చట్టవిరుద్ధం కాదు. పదిహేనేళ్ళు నిండాక వచ్చే మార్చి 31 దాటితే పనిలో పెట్టుకోవచ్చు, పద్దెనిమిది లోపువాళ్ళతో రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా పని చేయించకూడదు అని వాళ్ళ కార్మిక చట్టం. ఓహానా, ఆమెతోపాటు అక్కడ పనిచేసే మింకో, నాకో అనే అమ్మాయిలు, ముగ్గురూ బడికి వెళ్తూనే పనిచేస్తారు, జీతం పుచ్చుకుంటారు. కాబట్టి "వెట్టిచాకిరీ" అన్న మీ మాట కొంచెం ఎక్కువే. కానీ కొట్టడం గురించి మీకు కలిగిన కోపం సరైనదే, దాన్ని అలాగే ఉంచుకుని చూడండి.

సూయిని అర్థం చేసుకోవడానికి ఆ దెబ్బ కంటే పనికొచ్చేది మరొకటి ఉంది. పనిచోట ఓహానా ఆమెను అమ్మమ్మా అని పిలవదు, ఒకామీ అనే పిలుస్తుంది. సొంత కొడుకు ఎనిషికి కూడా అక్కడ వెసులుబాటేమీ లేదు. మన చిన్న హోటళ్ళలో ఓనరుగారి బావమరిది కొడుకు వచ్చాడంటే మొదటిరోజే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. పదేళ్ళుగా ఉన్న కెప్టెన్ లేచి నిలబడి అతనికి టీ చెప్పిస్తాడు. అది చూసి చూసి ఉన్న నాకు, మనవరాలి చేతికి నేల గుడ్డ ఇచ్చిన సూయి కర్కశురాలిగా కంటే న్యాయంగానే కనిపించింది. మీకు అలా అనిపించకపోవచ్చు, పేచీ లేదు.

ఇంకో సంగతి చాలామంది దాటేస్తారు. కిస్సుయిసో అంత పాతదేమీ కాదు. సూయి, ఆమె భర్త కలిసి మొదలుపెట్టిందే. మొదటి నుంచీ పనిచేసిన ముసలాయన దెన్రోకు ఇంకా అక్కడే ఉన్నాడు. అదే ఇషికావా జిల్లాలో అవాజు ఊటల దగ్గర హోషి అనే రియోకాన్ ఉంది, అది 718లో మొదలైందని చెబుతారు, తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. రచయిత్రి అలాంటి ఇంటిని కథకు తీసుకుని ఉంటే "పదమూడు వందల ఏళ్ళ వారసత్వం" అని డప్పు కొట్టుకోవచ్చు. ఆ పని చేయలేదు. ఒక ఆడమనిషి, ఆమె మొగుడు కన్న కలను కథకు తీసుకుంది. కట్టిన మనిషే ఇంకా బతికున్నప్పుడు దాన్ని సంప్రదాయం అనొచ్చా, పిల్లలు దాన్ని మోయాల్సిందేనా అన్న ప్రశ్న మొదటి నుంచీ కింద పారుతూ ఉంటుంది. కూతురు సత్సుకి మోయనని టోక్యో పారిపోయింది. కొడుకు మోస్తానని ఉండిపోయాడు, మోయలేకపోతున్నాడు.

అందుకే సత్సుకి తిరిగొచ్చే ఎపిసోడ్లు, సుమారు 11 నుంచి 13 దాకా, ఈ సిరీస్‌కు నడుం లాంటివి. హోటళ్ళకు మార్కులు వేసే ఒక పత్రికలో కిస్సుయిసో గురించి చెడ్డగా వస్తుంది. అది రాసింది తన తల్లేనని ఓహానాకు తెలుస్తుంది. టోక్యో వెళ్ళి నిలదీస్తే ఆమె ఏడవదు, సంజాయిషీ చెప్పుకోదు. పై నుంచి రాయమన్నారు, రాశాను, అదీ నా ఉద్యోగమే అన్నట్టు మాట్లాడుతుంది. ఇక్కడ సిరీస్ తెలివి చూడండి. పని గొప్పది అని ఊదరగొట్టే కథ అయితే తల్లిని విలన్ చేసి చేతులు దులుపుకునేది. తల్లీ తన పని చేసుకుంటోంది, కూతురూ తన పని చేసుకుంటోంది. ఎవరి పని ఎవరి అన్నానికి అడ్డొచ్చింది అన్నదే గొడవ. ఆ తర్వాత సత్సుకి తన పుట్టింటికే అతిథిగా రావడం, తల్లీ కూతురూ ఆమెకు పరిచారికలుగా సేవ చేయడం, ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేచోట చేరే ఆ రాత్రి, అంత పొదుపుగా రాసిన ఘట్టాలు నేను అనిమేలో తక్కువే చూశాను.

మింకోను మీరు "ఎప్పుడూ చిరాకు పడే అమ్మాయి" అని రాశారు. నిజమే, మాటకు ముందు "చావు" అంటుంది. మొదటి ఎపిసోడ్‌లో ఓహానా కలుపు అనుకుని పీకేసింది మింకో పెంచుకుంటున్న మొక్కల్ని. కొత్తగా వచ్చిన ఉత్సాహంలో, అడక్కుండా, అందరికీ మేలు చేసేస్తున్నానని చేసిన పని అది. ప్రతి శిక్షణ బ్యాచ్‌లోనూ ఇలాంటి ఒకరుంటారు. మనసు మంచిదే, చెయ్యి మాత్రం అడక్కుండా కదులుతుంది. మింకో కోపం ఆ చేతి మీద. వంటమనిషి కావాలని పట్టుబట్టి చేరిన పిల్ల ఆమె. తర్వాత బడి ఉత్సవంలో ఆమ్లెట్ అన్నం చేయమని క్లాసువాళ్ళు అడిగితే, ఉన్న పొయ్యిలతో సరిగ్గా రాదు కాబట్టి చేయనని మొండికేస్తుంది. క్లాసుకు అది పొగరు. వంటింట్లో పనిచేసినవాళ్ళకు అది వృత్తి. రెండూ నిజమేనని సిరీస్ ఒప్పుకుంటుంది, అందుకే నాకు నచ్చింది.

నన్ను బాగా పట్టుకున్నది నాకో అనే ఆ మూడో అమ్మాయి ఎపిసోడ్, 18వది. నాకో నోట్లో నాలుక లేని పిల్ల. ఇంట్లో తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చూసుకునేటప్పుడు మాత్రం గలగలా మాట్లాడుతుంది, పనిలోకి రాగానే ముడుచుకుపోతుంది. ఆమెకు జీతం పెంచుతారు. సంతోషించాల్సింది పోయి భయపడుతుంది. ఎందుకు పెంచారు, నేనేం చేశాను, ఇంకేం ఆశిస్తున్నారు అని. కొత్త బట్టలు కొనుక్కుంటుంది, ఇంకో మనిషిగా మారాలని తంటాలు పడుతుంది. చివరికి తేలేది ఏమిటంటే, ఇంట్లో ఉండే నాకో అప్పుడప్పుడూ పనిలో కూడా బయటపడుతోందని సూయి ఎప్పుడో గమనించింది, పెంచిన జీతం దానికే. జీతం పెంచడం అన్న విషయం చుట్టూ ఇరవై నిమిషాల ఎపిసోడ్ తీయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అందులో విలన్ లేడు, పోటీ లేదు. జీతం కవరు పట్టుకుని కంగారు పడే ఒక అమ్మాయి ఉంది. మొదటి ఇంక్రిమెంట్ వచ్చిన రోజు "తప్పుగా వేశారేమో, వెనక్కి అడుగుతారేమో" అని అకౌంట్స్ దగ్గరికి వెళ్ళి అడిగివచ్చిన కుర్రాళ్ళు నాకు తెలుసు.

పాత కొత్తల తగువు కూడా ఇందులో తేలిగ్గా తేల్చేయరు. ఎనిషి తీసుకొచ్చిన సలహాదారు తకాకో మాటకో ఇంగ్లీషు బిజినెస్ పదం దొర్లిస్తూ, యూనిఫాం మార్చండి, అది చేయండి ఇది చేయండి అంటుంటుంది. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. ఇలాంటి సలహాదారుల పవర్‌పాయింట్లు చాలా చూసిన నాకూ కడుపుబ్బా నవ్వొచ్చింది. కానీ ఆమె చెప్పేవన్నీ తప్పు కాదు, పాతవాళ్ళు చేసేవన్నీ ఒప్పూ కాదు. ఎనిషి సినిమా తీస్తామన్న మాయమాటలు నమ్మి డబ్బు పోగొట్టుకునే ఉదంతంలో ఆ ఇంటి పరిస్థితి ఎంత సన్నటి తాడు మీద నడుస్తోందో తెలుస్తుంది.

అది కల్పన మాత్రమే కాదు. జపాన్‌లో రియోకాన్‌ల సంఖ్య 1980ల తొలినాళ్ళలో 80 వేలు దాటి ఉండేది, 2010ల రెండో సగానికి 40 వేల లోపుకు పడిపోయింది. 1990లలో ఆర్థికవ్యవస్థ బుడగ పేలాక కంపెనీలు సిబ్బందిని బస్సుల్లో ఊటలకు తీసుకెళ్ళే విహారాలు తగ్గిపోయాయి. పెద్ద గదులు ఖాళీగా మిగిలాయి, మరమ్మతుల ఖర్చు మాత్రం తగ్గలేదు. వారసులు పట్నాలకు వెళ్ళిపోయారు. టోక్యో నుంచి కనజావాకు బుల్లెట్ రైలు 2015 మార్చిలో గానీ రాలేదు, అంటే సిరీస్ వచ్చినప్పటికి ఆ సదుపాయమూ లేదు. ఇవన్నీ తెలిశాక, ఖాళీ గదులను లెక్కపెట్టే సన్నివేశాలు హాస్యంగా తీసినా హాస్యంగా అనిపించవు.

ఇక్కడి నుంచి ముగింపు గురించి. తెలుసుకోకుండా చూడాలనుకుంటే కింద "జాగ్రత్తలు" అన్న చోటికి వెళ్ళిపోండి.

ఎనిషి, తకాకోల పెళ్ళి అయ్యాక, ఊళ్ళో జరిగే బొంబోరి అనే లాంతర్ల ఉత్సవం తర్వాత కిస్సుయిసో మూసేస్తున్నానని సూయి ప్రకటిస్తుంది. అందరూ ఆమెకు ఎదురు తిరుగుతారు. సరిగ్గా అదే సమయానికి పత్రికలో మంచి మాట వచ్చి గదులు నిండిపోతాయి. చూశారా, నడపగలం, మూయక్కర్లేదు అని నిరూపించాలని సిబ్బంది పరుగులు పెడతారు. ఇంకెవరి సాయమూ వద్దంటారు. అప్పుడు ఓహానా వాళ్ళతో గొడవ పడుతుంది. మనం ఇప్పుడు అతిథుల కోసం పనిచేయడం లేదు, ఈ ఇల్లు మిగలడం కోసం పనిచేస్తున్నాం అన్నది ఆమె బాధ. మామూలు కథలో కథానాయిక కాపాడే గుంపుకు ముందు నడుస్తుంది, ఇక్కడ ఆ గుంపును ఆపుతుంది. 26 ఎపిసోడ్లలో ఆ పిల్ల ఎంత ఎదిగిందో ఆ ఒక్క గొడవ చెబుతుంది.

సూయి ఎందుకు మూసేస్తుంది? ఆ ఇల్లు తనదీ భర్తదీ అయిన కల. అందులోకి పిల్లల్నీ పనివాళ్ళనూ లాగానని, వాళ్ళ కలలు వాళ్ళను కననివ్వాలని ఆమెకు అనిపిస్తుంది. ఉత్సవంలో కోరిక రాసి కట్టే చెక్కపలక మీద ఓహానా "నేను షిజిమా సూయిలా అవ్వాలి" అని రాస్తుంది. ఆ ఇల్లు కావాలని రాయదు. ఆ తర్వాత ఇల్లు మూతపడుతుంది, ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు, ఓహానా టోక్యోకు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడైనా తెరుస్తారేమోనన్న ఆశ ఉంటుంది గానీ అది మాట మాత్రమే.

దీని మీద నా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక కుర్రాడితో పెద్ద వాదనే జరిగింది. మంగళగిరి దగ్గర చేనేత కుటుంబం వాళ్ళది, ఇంట్లో మగ్గం ఆగిపోయాక హోటల్ లైనులోకి వచ్చాడు. "వాళ్ళకు మూసేయడం ఒక నిర్ణయం సార్. మాకు నిర్ణయం తీసుకునే అవకాశం ఎక్కడుంది? నూలు కొనలేక ఆగిపోయింది. దాన్ని ఇంత అందంగా చూపిస్తే నాకు ఒళ్ళు మండింది" అన్నాడు. అతని మాటకు నా దగ్గర సమాధానం లేదు. ముగింపు అద్భుతం అని నేను ఇప్పటికీ అంటాను. కానీ అది చేతిలో కొంత స్థలం, పేరు, చదువుకున్న కొడుకు ఉన్న ఇంటి ముగింపు అన్న సంగతి కూడా చెబుతాను.

కథలోని బొంబోరి ఉత్సవం గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. పదో నెలలో దేవుళ్ళందరూ ఇజుమోలో సమావేశానికి వెళ్తారని జపాన్‌లో పాత నమ్మకం. దారి తెలియని ఒక చిన్న దేవతకు ఊరివాళ్ళు లాంతర్లు పట్టి దారి చూపిస్తారన్నది సిరీస్‌వాళ్ళు దానికి అల్లిన కథ. ఉత్సవం కల్పితం. సిరీస్ ముగిసిన కొన్నాళ్ళకే, 2011 అక్టోబర్ 9న, యువాకులో దాన్ని నిజంగా జరిపారు. తర్వాత ఏటా అక్టోబర్‌లో జరిగే ఊరి పండుగ అయిపోయింది. కోరికల పలకలను గ్యోకుసెన్ చెరువు దగ్గర దహనం చేస్తారు. అదే చెరువు పక్కన మంచు దాచే గుడిసె ఒకటుంది. జనవరి చివర్లో మంచును అందులో దట్టించి, జూన్ 30న తెరుస్తారు. పూర్వం కాగా అనే సంస్థానం వాళ్ళు ఎడోలోని (ఇప్పటి టోక్యో) షోగున్‌కు, అంటే సైనిక పాలకుడికి, మంచు కానుకగా పంపిన ఆచారానికి అది గుర్తు. వందల ఏళ్ళ ఆచారమూ, ఒక అనిమేలోంచి ఊడిపడ్డ ఆచారమూ ఇప్పుడు అక్కడ పక్కపక్కనే బతుకుతున్నాయి. సంప్రదాయం ఎక్కడి నుంచి పుడుతుందని మీరు వ్యంగ్యంగా అడిగారు కదా, ఇదిగో ఇలా కూడా పుడుతుంది.

యువాకుకు రైలు లేదు, కనజావా నుంచి బస్సే. సిరీస్‌లో కనిపించే స్టేషన్‌కు నమూనా దూరంగా నోతో ద్వీపకల్పంలో ఉన్న నిషిగిషి. అక్కడ అభిమానుల కోసం "యునొసాగి" అన్న పేరుపలక కూడా పెట్టారు. 2024 జనవరి 1న నోతోలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రైలు మార్గం దెబ్బతిని, ఏప్రిల్ 6న గానీ పూర్తిగా నడవలేదు. పోటీ రియోకాన్ అమ్మాయి యుయినా ఇంటిపేరు వాకురా, పెద్ద నకాయ్ తోమోయే ఇంటిపేరు వాజిమా. రెండూ ఆ ప్రాంతపు ఊళ్ళ పేర్లే. వాకురాలో పేరున్న రియోకాన్‌లు మూతపడ్డాయి, వాజిమాలో పొద్దుటి సంత వీధి కాలిపోయింది. ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే ఆ పేర్లు వినిపించినప్పుడల్లా మనసు అటు పోతుంది.

జాగ్రత్తలు. మీరు 3వ ఎపిసోడ్ దాటేశారు కాబట్టి అన్నిటికంటే ఇబ్బందికరమైనది అయిపోయింది. రచయితనని చెప్పుకునే అతిథి ఓహానాను తాళ్ళతో కట్టేసే ఆ ఘట్టం నవ్వు కోసం పెట్టారట. నాకు నవ్వు రాలేదు, ఎవరికి సిఫారసు చేసినా ముందే హెచ్చరిస్తాను. స్నానాల గది సన్నివేశాల్లోనూ కెమెరా అక్కర్లేని చోట్ల ఆగుతుంది. చిన్నపిల్లలతో కూర్చుని చూసేది కాదు. టోక్యోలోని స్నేహితుడు కోయిచితో ఓహానా ప్రేమ వ్యవహారం సన్నగా ఉంటుంది, దాని కోసం ఆగకండి. మధ్యలో మియాజాకి అనే జిల్లాకు స్కూలు విహారం వెళ్ళే రెండు ఎపిసోడ్లు కథను పక్కదారి పట్టించినట్టు అనిపిస్తాయి. వాటిని దాటేయకండి. అక్కడ ఇంకొకరి రియోకాన్‌లో పనివాళ్ళు మానేస్తే వీళ్ళు నడుం బిగిస్తారు. తన ఇంటి పని ఎప్పుడూ ముట్టని యుయినాకు పనిలో సరదా తెలిసేది అక్కడే.

వేగం పెంచి చూడకండి. మా తమ్ముడి కొడుకు ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి "ఏం లేదు బాబాయ్ ఇందులో" అన్నాడు. తలుపు తీసేటప్పుడు ఆ ఆగడం ఆ వేగంలో మాయమైపోతుంది మరి. రోజుకు రెండు ఎపిసోడ్లు చాలు. 7వ దాంట్లో తోమోయే, తల్లి పెళ్ళి పోరు పడలేక ఉద్యోగం పోగొట్టుకుందామని అతిథుల మీద తిరగబడితే అది కాస్తా బెడిసికొడుతుంది. మీరు ఇంకా తటపటాయిస్తుంటే అక్కడిదాకా వెళ్ళి తేల్చుకోండి. అది కూడా మీకు పట్టకపోతే ఈ సిరీస్ మీది కాదు, నిశ్చింతగా వదిలేయండి.

నచ్చితే తర్వాత ఏం చూడాలంటే, ఇదే స్టూడియో పని మీద ఇంకొన్ని తీసింది. అనిమే తయారీ గురించి షిరొబాకో, 2014-15. ఊరిని బాగుచేయడం గురించి సకురా క్వెస్ట్, 2017. ఒకినావాలో చేపల ప్రదర్శనశాల గురించి అక్వాటోప్, 2021. ముందు షిరొబాకో చూడండి, పని ఒత్తిడిని దానంత నిజాయితీగా చూపించింది ఇంకోటి లేదు. అక్వాటోప్‌లో మూసేసే సంగతి సగంలోనే వచ్చేస్తుంది, ఆ తర్వాత వాళ్ళు ఏమయ్యారన్నదే మిగతా సగం. కాబట్టి హనసాకు ముగింపు మీద మీకు కోపం వస్తే దానికి జవాబు అందులో దొరకొచ్చు. హనసాకుకు 2013లో వచ్చిన సినిమా కూడా ఉంది, సత్సుకి టీనేజీ రోజులు అందులో వస్తాయి. 26 ఎపిసోడ్లూ అయ్యాకే దాన్ని పెట్టుకోండి.